అద్దంలో నేల కనిపించిన లారీ

యుద్ధకాలపు ఫోటో చేతికొస్తే అందులో ఉన్న లారీ ఏమిటో, ఎప్పటిదో చెప్పడం నా ఉద్యోగం. సింగపూర్‌లో ఇరవై రెండేళ్ళు ఆ పని చేసి మొన్నీమధ్యే రిటైరయ్యాను. ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నమ్మరు. "లారీని చూసి లారీ అని చెప్పడానికి జీతమా బావా?" అని మా బావమరిది ప్రతి పెళ్ళిలోనూ పదిమందిలో అడుగుతాడు. అవునురా, జీతమే. ఆ జీతం లేకపోయినా చేసేవాణ్ణి, అది మాత్రం వాడికి చెప్పలేదు.

నా కుర్చీలోకి ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఇది వాళ్ళ కోసం. ప్రమోషన్ల గొడవ, ఫైళ్ళ గొడవ ఇందులో ఉండదు, అవి ఎవరూ చెప్పకుండానే మీకు చుట్టుకుంటాయి. లారీ కంపెనీల పేర్లు కూడా రాయడం లేదు. పేరు చూసి గుర్తుపట్టడం అలవాటైతే, ఫోటోలో పేరు కనిపించని రోజున చేతులెత్తేస్తారు.

నోరు ఊరుకోక వచ్చిన ఉద్యోగం

మాది బెజవాడ. మా నాన్న ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రీ. కంపెనీ నుంచి ఛాసిస్, ఇంజను వచ్చేవి. మిగతాదంతా, డ్రైవరు కూర్చునే క్యాబిన్‌తో సహా, మావాళ్ళే కట్టేవాళ్ళు. బడి వదలగానే నేను అక్కడే తేలేవాణ్ణి. అందుకే ఏ లారీని చూసినా రంగూ హంగూ కంటే ముందు నాకు అతుకులు కనిపిస్తాయి. ఎక్కడ కంపెనీ పని ఆగిందో, ఎక్కడ మనిషి చెయ్యి మొదలైందో చూస్తాను. ఇంజనీరింగ్ చదివి ఇక్కడికొచ్చి, జురాంగ్‌లో ఒక రవాణా కంపెనీ వర్క్‌షాపులో చేరాను.

ఒక ఆదివారం మా ఆవిడ సరళతో కలిసి పాత ఫోటోల ప్రదర్శనకు వెళ్ళాను. ఒక ఫోటోలో జపాన్ సైనికులు లారీ మీద కూర్చుని నవ్వుతున్నారు. కింద 'జపాన్ సైనిక లారీ' అని రాసి ఉంది. నా ఒళ్ళు మండిపోయింది. పక్కన నిలబడి ఉన్న చీనా ఆవిడతో, "ఎవరు రాశారండీ ఇది? మనుషులు జపాన్ వాళ్ళు, బండి బ్రిటిష్ వాళ్ళది. లాక్కున్న బండి" అని ఇంగ్లీషులో అనేశాను.

"ఐ రోట్ ఇట్" అందావిడ. "హౌ యూ నో?"

సరళ నా చొక్కా లాగుతోంది. నేను ఆగలేదు. చక్రం చూడమన్నాను. రిమ్ము రెండు ముక్కలు, చుట్టూ వరసగా బోల్టులు. ఆ పద్ధతి కెనడాలో బ్రిటిష్ సైన్యాల కోసం కట్టిన బండ్లది. ఆవిడ ఫోటోకి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగి, "మండే ఫ్రీ ఆర్ నాట్?" అని అడిగింది. అలా దొరికింది నాకీ ఉద్యోగం. ఆవిడే మిసెస్ లిమ్, పాత ఫోటోలను భద్రపరిచే ఒక చిన్న సంస్థకు పెద్ద. పదిహేనేళ్ళు నాకు బాస్.

కథ తర్వాత, చక్రం ముందు

మిసెస్ లిమ్ నాకు నేర్పింది ఒకటే. "వీల్ ఫస్ట్, స్టోరీ లేటర్ లా." మాట చివర ఆ 'లా' సింగపూర్ వాళ్ళ అలవాటు. ఫోటో తెచ్చినవాళ్ళు కథ కూడా తెస్తారు. కథ ముందు వింటే కన్ను దానికి కావలసిందే చూస్తుంది. అందుకని బండిని ముందు చూడాలి. చక్రం, మడ్‌గార్డు, అద్దం, ఆ వరసలో. ఫోటో వెనక రాసిన మాట ఆఖర్న చదవాలి.

ఈ సూత్రం పక్కనపెట్టి ఆవిడ ముందు ఎలా పరువు పోగొట్టుకున్నానో కూడా చెప్పాలి. చేరిన ఏడాదిలోనే ఒక ఫోటో వచ్చింది. వీధి మధ్యలో లారీ, దానికి స్టీరింగు ఎడమవైపు ఉంది. ఇక్కడ అన్నీ కుడివైపు స్టీరింగు బండ్లే కదా! నేను ఎగిరి గంతేశాను. మూడు రోజులు తిండీ తిప్పలూ మరిచిపోయి, ఈ బండి అమెరికా నుంచి ఎలా వచ్చి ఉంటుందో నాలుగు పేజీలు రాశాను. ఆవిడ రిపోర్టు పక్కన పడేసి ఫోటో చూసి పకపకా నవ్వింది.

"రావ్, షాప్ సైన్ ఆల్ బ్యాక్‌వర్డ్స్ లా!"

నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారు. వెనక దుకాణం బోర్డు మీద చీనా అక్షరాలన్నీ తలకిందులు కాకపోయినా కుడి ఎడమైపోయాయి. నాకు చీనా రాదు కాబట్టి అది నాకు బొమ్మలాగే కనిపించింది. పక్క గదిలో నలుగురు చీనావాళ్ళు ఉన్నారు, ఒక్కర్నీ అడగలేదు. సిగ్గుతో చచ్చాను. ఆవిడ తిట్టలేదు, నాకో కోపీ, అంటే ఇక్కడి కాఫీ, తెప్పించి, చదవలేనిది కనిపిస్తే చదవగలిగినవాళ్ళని అడగమంది.

అంత మంచి బాసులోనూ ఒక లోపం ఉంది. ఇంట్లోవాళ్ళు చెప్పే మాటల్ని ఆవిడ అస్సలు నమ్మేది కాదు. ఫోటో తెచ్చిన ముసలివాళ్ళను వరండాలో కూర్చోబెట్టి ఫోటో మాత్రం లోపలికి తెప్పించుకునేది. అది నాకు నచ్చేది కాదు. ఆవిడ రిటైరయ్యాక నేను మనుషుల్నీ లోపలికి రమ్మన్నాను. ఆ పనిలో నేను కూడా దెబ్బతిన్నాను, అదే ఇప్పుడు చెప్పబోతున్నది.

పాప, పార్థివ

దేవి అనే అమ్మాయి, ఆస్పత్రిలో నర్సు, వాళ్ళ అమ్మమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దావిడ పేరు పెంటమ్మ. ఎనభై దాటాయి, నడుం వంగలేదు. నా పేరు విని మొహం విప్పారింది.

"ఏటి బాబూ, తెలుగోడివా? మంచిదయ్యింది. మా ఇంట్లో తెలుగు మాటాడతాం గానీ సదవడం ఎవుళ్ళకీ రాదు. మేవంతా తమిళ బళ్ళో సదివినోళ్ళం."

దేవి సంచీలోంచి అరచేయంత ఫోటో తీసింది. ఖాకీ నిక్కరు వేసుకున్న సన్నటి మనిషి, ఎడమ చంకలో మూడేళ్ళ ఆడపిల్ల. వెనక లారీ ముందుభాగం, అదీ సగమే కనిపిస్తోంది. ఫోటో వెనక సిరా పెన్సిలుతో తెలుగులో రెండు మాటలు: పాప, పార్థివ. వాటి కింద బాల్‌పెన్నుతో 1942.

పెంటమ్మగారు వాళ్ళ కథ చెప్పారు. విశాఖపట్నం వైపు నుంచి వాళ్ళ నాన్న సింగపూర్ పక్కనున్న జొహోర్‌లో రబ్బరు తోటల పనికి వచ్చి, లారీ నడపడం నేర్చుకున్నాడు. మొదటి కూతురు బంగారమ్మ. సింగపూర్ జపాన్ వాళ్ళ చేతిలో పడిన ఏడాది, 1942లోనే, మూడేళ్ళ పిల్ల, జ్వరంతో పోయింది. ఆ ఏడాది చివర్న ఈవిడ పుట్టింది.

"ఒక బిడ్డ పోనాక పుట్టినానని నన్ను పెంట మీద పొర్లించి ఈ పేరెట్టినారు. పెంట కదా, సావు ముట్టుకోదని. సావు ముట్టుకోలేదు గానీ బళ్ళో పిల్లలు ముట్టుకోకుండా ఒగ్గలేదు బాబూ, ఒకటే ఏడిపించడం" అని నవ్వారావిడ.

నాలుగేళ్ళప్పుడు నాన్న, ఆరేళ్ళప్పుడు అమ్మ పోయారు. మేనత్త వేరే తోటలో పెంచింది. ఫోటో వెనక ఆ మాటలు రాసింది మేనమామ. చదువుకున్నవాడు ఆయనొక్కడే, ఆయనా పోయాడు. చాలా ఏళ్ళ తర్వాత ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ మాట చదివి, 'పార్థివ అంటే పోయినవాళ్ళు' అని చెప్పాడట. అయితే ఫోటోలో పిల్ల బంగారమ్మే అనుకున్నారు. బంగారమ్మ పోయిన ఏడాదిని ఎవరో కింద వేశారు. నాన్నది మరో ఫోటో లేదు. పెంటమ్మగారికి చిన్నప్పటి ఫోటో అసలు లేదు.

"నాకు మా నాయన మొకం గేపకం లేదు. ఇది అక్కే అయితే అక్కే, నాకేం కోపం లేదు. ఆయన నన్నెప్పుడైనా ఎత్తుకున్నాడా అనే ఒక్కటే నాకు. ఆ పిల్ల నేనో మా అక్కో సూసి సెప్పు బాబూ."

"ఎవ్రీ డే ఆస్కింగ్ అంకుల్" అంది దేవి. "కన్ఫర్మ్ చెయ్యగలరా, ఆర్ నాట్?"

నేను ఏం చేశానో చూడండి. చక్రం చూడలేదు. అద్దం చూడలేదు. ఇరవై ఏళ్ళుగా చీనా, జపాన్ రాతలు ఒకరిని బతిమాలి చదివించుకున్నవాణ్ణి, తెలుగు అక్షరం కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. ఫోటో తిరగేసి, "ఇందులో రాసే ఉంది కదమ్మా. పార్థివ దేహం అంటాం కదా, అదే మాట. ఈ పాప మీ అక్కగారే" అనేశాను. నిమిషం పట్టలేదు.

"సర్లే" అన్నారావిడ. ఇచ్చిన మైలో తాగారు, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు, మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. ఫోటో కాపీ మాత్రం మా దగ్గర ఉంచుకున్నాం.

అద్దంలో ఆకాశం లేదు

మర్నాడు పొద్దున ఆ కాపీని ఫైల్లో పెట్టడానికి పెద్ద తెర మీద తెరిచాను. లారీ రకం రాయాలి కదా, అప్పుడు చూశాను బండిని. చక్రం ఫోటోలో లేదు. మడ్‌గార్డు సగం ఉంది. ఆ మనిషి భుజం వెనక ముందద్దం ఒక పలక కనిపిస్తోంది. అది నల్లగా ఉంది.

ఎండలో తీసిన ఫోటో. మనిషి కాళ్ళ కింద నీడ గట్టిగా పడింది. అలాంటి ఎండలో లారీ ముందద్దం తెల్లగా మెరవాలి, ఎందుకంటే మామూలు అద్దం నిటారుగానో, కాస్త వెనక్కి వాలో ఉంటుంది, ఆకాశాన్ని చూపిస్తుంది. ఇది నల్లగా ఎందుకుంది? ఇంకా పెద్దది చేశాను. నలుపులో గడ్డి పరకలు! ఎవరిదో చెప్పుల జత! అద్దంలో ఆకాశం లేదు, నేల ఉంది. అంటే ఆ అద్దం పైఅంచు ముందుకు వాలి, కిందికి చూస్తోందన్నమాట. కుర్చీ వెనక్కి దొర్లిపోయేలా లేచి నిలబడ్డాను.

ఎందుకంత సంబరమో చెప్తాను. లారీ అద్దం మెరిస్తే పైన విమానంలో ఉన్నవాడికి పట్టుబడిపోతుంది. అందుకని కెనడా బండ్లకు కొత్త క్యాబిన్ చేసినప్పుడు అద్దాన్ని ముందుకు వాల్చేశారు. వెలుగు నేల మీదికే పోతుంది. ఆ కొత్త క్యాబిన్ బండి సింగపూర్ పడిపోయే నాటికి ఇక్కడికి చేరినట్టు నేను చూసిన వేల ఫోటోల్లో ఒక్క ఆధారం లేదు. యుద్ధం ముగిసి 1945లో బ్రిటిష్ వాళ్ళు తిరిగొచ్చినప్పటి ఫోటోల్లో మాత్రం ఎటు చూసినా అవే. జపాన్ వాళ్ళు లాక్కున్న బండేమో అని అనుమానించాను. లాక్కోవాలన్నా ముందు ఇక్కడికి రావాలి కదా.

1945లో బంగారమ్మ లేదు. కానీ వెనక 'పార్థివ' అని ఉంది. పోయిన పిల్లను మూడేళ్ళ తర్వాత ఎవరు ఎత్తుకుంటారు? మిసెస్ లిమ్‌కి ఫోన్ చేశాను. అంతా విని ఆవిడ తన పద్ధతిలోనే చెప్పింది: "లారీ నో మౌత్, కాన్ట్ లై. సో రైటింగ్ రాంగ్, ఆర్ యూ రీడ్ రాంగ్."

నేను తప్పు చదవడమా! తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి. కాస్త కోపమొచ్చింది కూడా.

ఉప్మా దగ్గర తేలిన విషయం

రెండు రోజులు అదే ధ్యాస. మూడో రోజు పొద్దున జురాంగ్ వెస్ట్‌లో మా ఫ్లాట్‌లో ఉప్మా తింటూ సరళకు మొత్తం చెప్పాను. ఆవిడ కొత్తిమీర తుంచుతూ వింటోంది.

"ఏ మాటండీ, మళ్ళీ చెప్పండి."

"పార్థివ."

"పార్థివ మన హర్షిత పుట్టిన సంవత్సరం కదండీ?"

నాకు అర్థం కాలేదు. హర్షిత మా మనవరాలు. సరళ చెయ్యి కడుక్కుని బీరువాలోంచి దాని జాతకం తెచ్చి ముందర పెట్టింది. మొదటి వరసలోనే ఉంది, పసుపు బొట్టు పక్కన: శ్రీ పార్థివ నామ సంవత్సరం. ప్రభవ, విభవ అంటూ అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే తెలుగు సంవత్సరాల్లో పందొమ్మిదోది. హర్షిత పుట్టింది 2005లో, ఉగాది దాటాక. అక్కణ్ణుంచి అరవై ఏళ్ళు వెనక్కి వెళ్తే 1945 ఉగాది నుంచి 1946 ఉగాది వరకు.

వేళ్ళమీద మూడుసార్లు చూసుకున్నాను. మేనమామ ఎవరి చావు గురించీ రాయలేదు. పాప, ఫలానా ఏడు అని రాసుకున్నాడు, అంతే. మనం ఇప్పుడు ఫోటో వెనక సంవత్సరం వేసినట్టే. ఆయనకు సంవత్సరమంటే పార్థివే. మాకేమో పార్థివ అంటే టీవీ వార్తల్లో వినే పార్థివ దేహం. ఏటా ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సభలో పంచాంగం చదువుతుంటే నేను వెనక వరసలో కూర్చుని పులిహోర ఎప్పుడు పెడతారా అని చూసే రకం. చదవడం రానివాళ్ళ ఇంట్లో ఆ ఫోటో తప్పుగా అర్థమైందంటే అందులో వింత లేదు. చదవడం వచ్చిన నేనూ అదే తప్పు చేశాను. రాని భాషయితే అడిగి ఉండేవాణ్ణి.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట" అంది సరళ. ఆవిడ ఎగతాళికి ఆ రోజు నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఉప్మా అక్కడే వదిలేసి దేవికి ఫోన్ చేశాను.

పుంగ్గోల్‌లో

ఫోన్లో చెప్పేయవచ్చు. కానీ తప్పు ఎదుట కూర్చోబెట్టి చెప్పాను కాబట్టి, దిద్దుకోవడం కూడా ఎదుటే చెయ్యాలి. ఇది మీకు నా సలహా కాదు, ఆజ్ఞ అనుకోండి. ఆ శనివారం ద్వీపం ఈ చివర్నుంచి ఆ చివరికి, జురాంగ్ వెస్ట్ నుంచి దేవి వాళ్ళుండే పుంగ్గోల్‌కి ట్రైను, అక్కణ్ణుంచి ఇంకో చిన్న ట్రైను. దారంతా ఒళ్ళో కాగితాలు సర్దుకుంటూనే ఉన్నాను. పరీక్ష రాయబోయే కుర్రాడిలా ఉన్నానని సరళ మెసేజ్ పెట్టింది.

దేవి తలుపు తీసింది. హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా దేవుడి అర. వినాయకుడి పక్కన ఫ్రేములో ఆ ఫోటో. ఫ్రేముకు మల్లెదండ, పిల్ల నుదుటి మీద అద్దానికి కుంకుమ బొట్టు.

"ప్రెతి శుక్రోరం టెక్కా మార్కెట్టు నుంచి తెప్పిస్తాను బాబూ, అక్క కోసరం" అన్నారు పెంటమ్మగారు. "మా మేనత్త నేర్పినాది. రా కూకో. మకాన్ అయ్యిందా, తిన్నావా?"

కూర్చోలేదు. ముందు క్షమించమన్నాను. ఆ రోజు బండిని చూడకుండా మాట చెప్పానన్నాను. తర్వాత వరసగా చెప్పాను. వెంట తెచ్చిన కంప్యూటర్లో అద్దం పెద్దది చేసి గడ్డి చూపించాను, చెప్పులు చూపించాను. ఈ బండి యుద్ధం తర్వాతే ఇక్కడికొచ్చిందని బండి చెప్తోందన్నాను. పార్థివ అంటే ఏమిటో హర్షిత జాతకం తీసి చూపించాను. బండి చెప్పిందీ, మాట చెప్పిందీ కలిపితే 1945 చివర్నుంచి 1946 ఉగాది లోపల. ఆవిడ రెప్ప వేయకుండా వింటున్నారు.

"అప్పటికి మీ ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉందా అమ్మా?"

"లేదు. నేనొక్కదాన్నే."

"మూడేళ్ళు మీకు. అయితే ఈ పాప మీరే."

దేవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు పెద్దావిడ దేవుడి అర వైపు మెల్లగా తల తిప్పారు.

"అయితే బాబూ, ఇన్నాళ్ళూ బతికున్న నాకు నేనే దండేసుకుంటన్నానా?"

"అమ్మమ్మా! సో పంతాంగ్ లా!" అని దేవి పరుగెత్తి దండ లాగబోయింది. బతికున్నవాళ్ళకు దండ వేస్తే అరిష్టమని ఆ అమ్మాయి గాభరా. పెద్దావిడ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు.

నవ్వు ఆగాక ఆవిడ గొంతు తగ్గింది. "అయితే మా అక్క మొకం ఎవుళ్ళకీ తెలీదన్నమాట."

అవునమ్మా, తెలీదు అని చెప్పాను. ఈ పనిలో ఒకరికి ముఖం ఇస్తే ఒక్కోసారి ఇంకొకరి ముఖం పోతుంది. మీకూ ఈ రోజు వస్తుంది, ఓదార్చడానికి అబద్ధం చెప్పకండి.

పెంటమ్మగారే లేచి దండ తీశారు. పారేయలేదు. దాన్ని మడిచి, ఫ్రేములో నాన్న ఉన్న వైపు మూలకు మాత్రం తగిలించారు. కొంగుతో పిల్ల నుదుటి మీది కుంకుమ తుడిచారు. ఇంకో దీపం వెలిగించి ఖాళీ చోటు ముందు పెట్టారు, అక్క కోసం. ఆ తర్వాత ఫ్రేము చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, కిటికీ వెలుగులో నిలబడి చూడడం మొదలుపెట్టారు. ఎనభై ఏళ్ళు చూసిన ఫోటోను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. లారీని కాదు. అద్దాన్ని కాదు.

"దేవీ, ఇలగ రా. సూడు, మా నాయన ఓ పక్కకి ఒంగిపోయి నిలబడ్డాడు" అన్నారు. "నేను బరువుగానే ఉన్నాను లా."